ఈ పూట అన్నంలోకి ఏమిటి?

అమ్మలకూ, అక్కచెల్లెళ్లకూ, వెనక వరుసల్లో కూర్చున్న అన్నదమ్ములకూ నమస్కారం.

నేను లోపలికి వస్తుంటే గుమ్మం దగ్గర ఒకామె ఫోనులో అంటోంది: “రాత్రికి అన్నంలోకి ఏమి చేయాలో తోచడం లేదు.” ఈ సాయంత్రం నేను చెప్పాలనుకున్నదంతా ఆ ‘లోకి’ అన్న మాటలో ఉంది. మనకు భోజనం అంటే అన్నమే. దోసెలు తిని వచ్చినవారిని కూడా “అన్నం తిన్నావా?” అనే పలకరిస్తాం. పప్పు, కూర, పచ్చడి, చారు అన్నీ అన్నంలోకి వచ్చేవే. అన్నం కంచమంతా పరుచుకుంటుంది, కూర దాని పక్కన కాస్త చోటు అడుక్కుంటుంది. నేను బరువు తగ్గడానికి పడ్డ పాట్లన్నీ చివరికి ఈ వరుసను తిరగేయడం దగ్గరికి వచ్చి ఆగాయి.

నేను వైద్యురాలిని కాను. బడిలో జీవశాస్త్రం చెబుతాను, ఇంట్లో ఐదుగురికి వంట చేస్తాను. మూడేళ్ల కిందట నా బరువు 76 కిలోలు, ఎత్తు 155 సెంటీమీటర్లు. కిలోల బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకెను బీఎంఐ అంటారు, నాకు అది దాదాపు 32 వచ్చింది. మన దేశపు వారికి ఆ అంకె 23 చేరితే అధిక బరువుగా, 25 చేరితే ఊబకాయంగా లెక్కిస్తారు. ఆడవారికి నడుము కొలత 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు. నాది ఎప్పుడో దాటింది. రక్తపరీక్షలో షుగరు కూడా గీత దగ్గరికి వచ్చి నిలబడింది.

అప్పుడు ఊళ్లో బరువు తగ్గిస్తామనే ఒకచోట డబ్బు కట్టాను. వాళ్లిచ్చిన కాగితంలో ఓట్లు, బ్రొకోలీ, ఆలివ్ నూనె ఉన్నాయి. రాత్రిపూట పొయ్యి మీద ఒకవైపు ఇంటివాళ్ల వంట, మరోవైపు నా గిన్నె. ఆరు వారాల్లో నాలుగు కిలోలు తగ్గాను. ఆ తర్వాత మూడు నెలల్లో ఐదు కిలోలు పెరిగాను. ఆకలికి నేను ఓర్చుకోగలను. నలుగురూ ఒకటే తింటూ మాట్లాడుకుంటుంటే పక్కన వేరే గిన్నె పట్టుకుని కూర్చోవడానికి ఓర్చుకోలేకపోయాను. ఇంట్లో ఒకరికి మాత్రమే పనికొచ్చే వంట ఎక్కువ రోజులు నిలవదని నాకు అప్పుడు అర్థమైంది.

ఆ తర్వాత ఒక ఆదివారం కూర్చుని మేము కొనే కూరగాయలు లెక్కవేశాను. పూటకు అరకిలో వంకాయలు, ఐదుగురం. అంటే మనిషికి వంద గ్రాములు, అందులో తొడిమలు పోను ఇంకా తక్కువ. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు మనిషికి ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినమంటుంది. 2000 కేలరీల భోజనానికి వేసిన లెక్క అది. అందులో సగం కూరగాయలు రాత్రి భోజనంలో రావాలనుకున్నా మా ఇంటికి పూటకు కిలో కావాలి. మేము అందులో సగమే వండుకుంటున్నాం. మిగతా కడుపును అన్నంతో నింపుతున్నాం. రాత్రికి రెండున్నర గ్లాసుల బియ్యం పోసేదాన్ని.

నేను గ్లాసు తగ్గించాను. ఇక్కడ మా అత్తగారి సంగతి చెప్పాలి, ఆమె అనుమతితోనే చెబుతున్నాను. ఆమెది కర్నూలు జిల్లా పత్తికొండ వైపు మెట్ట పల్లె. చిన్నప్పుడు రోజూ జొన్నరొట్టె, కొర్రన్నం, సంగటి. వరి అన్నం పండగ రోజునే. కర్నూలు-కడప (కేసీ) కాలువ కింద పొలాలున్నవాళ్ల ఇళ్లలో తెల్లన్నం తింటారని కథలా చెప్పుకునేవారట. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక ఇంట్లో రోజూ అన్నం వండుకోగలిగారు. ఆమెకు తెల్లన్నం అంటే కష్టాలు గట్టెక్కిన గుర్తు. అలాంటి మనిషి ముందు నేను సగం గరిటె అన్నం పెట్టి, పక్కన గుప్పెడు ఉడికించిన కారెట్ ముక్కలు పెట్టాను. ఆమె కంచం వైపు చూసి, “కొలిచి పెట్టే రోజులు మళ్లీ వచ్చాయా తల్లీ?” అన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బరువు తగ్గించే పుస్తకాల్లో ‘అన్నం తగ్గించండి’ అని ఒక్క ముక్కలో రాస్తారు. ఆ అన్నం ఎవరికి ఏమిటో తెలియకుండా ఒకరి కంచం మీద చెయ్యి వేయకూడదు. పైగా ఆమె సన్నని మనిషి, తగ్గవలసిన అవసరమే లేదు. మర్నాడు ఆమె కంచం ఎప్పటిలా వడ్డించి, “అత్తా, అప్పుడు మీ ఇంట్లో సంగటిలోకి ఏమి చేసేవారు?” అని అడిగాను. ఆమె చెప్పుకుంటూ పోయారు. చేలగట్ల మీద కోసుకొచ్చిన గంగవాయిలి కూర, చెంచలాకు, చిర్రాకు, పొన్నగంటి, మునగాకు. అలసందలతో వంకాయ. అనపగింజల పులుసు. మటిక్కాయల, అంటే గోరుచిక్కుడు, పొడికూర. ఈ కూరలకు పెద్దగా డబ్బు పెట్టలేదు, నూనె కొద్దిగానే ఉండేది. కాయకష్టం చేసేవాళ్లు కనుక సంగటి ముద్దలు ఎన్ని తిన్నా చెల్లింది. నేను తరగతి గదిలో నిలబడి చెప్పే ఉద్యోగం చేస్తాను. ఆ ముద్దలు నాకు చెల్లవు, ఆ కూరలు చెల్లుతాయి.

అప్పటి నుంచి రాత్రి వంటలో ఒక ఆకుకూర, ఒక కాయకూర తప్పనిసరి. ఇద్దరం కలిసి సి.క్యాంపు రైతుబజారుకు వెళ్తాం. ఎండాకాలంలో పొద్దున్నే వెళ్లాలి, పదకొండు దాటితే మన కర్నూలు ఎండకు తోటకూర కట్టలు తలవాల్చేస్తాయి. ఆ నెలల్లో సొర, బీర, దోస, దొండ కొంటాం. చలికాలంలో చిక్కుడు, అనపకాయ, ముల్లంగి. పత్తికొండ టమాటా ధర పడిపోయి రైతులు రోడ్డు మీద పారబోసే వారాల్లో నేను నాలుగేసి కిలోలు తెస్తాను. ఆ రైతు కష్టం నేను తీర్చలేను గానీ, ఆ పండు మన కంచాల్లోకి రావాలి.

ఇప్పుడు వంట సంగతి. కూరగాయలు రెట్టింపు చేయగానే నేను మొదటి వారం చేసిన పొరపాటు చెబుతాను, మీరు చేయకండి. ముక్కలతో పాటు ఉప్పు, కారం, నూనె కూడా రెట్టింపు వేశాను. మనం అన్నంలోకి చేసే కూరలో ఆ అన్నానికి కావలసిన ఉప్పూ కారమూ కూడా కలిపి వేస్తాం. అందుకే ఉత్త కూర తింటే నోరు మండుతుంది. కూరనే కడుపు నిండా తినాలంటే దాని రుచి మారాలి. ఇప్పుడు కిలో ముక్కలకు ఇదివరకు అరకిలోకి వేసినంత ఉప్పు కూడా వేయను. రోజుకు మనిషికి మొత్తం 5 గ్రాముల ఉప్పు దాటవద్దంటారు, అంటే ఒక చిన్న చెంచా. ఆ లోటును చింతపండు, నిమ్మ, చుక్కకూర, మామిడికాయ, జీలకర్ర, తెల్లగడ్డ తీరుస్తాయి. పులుపు ఉంటే ఉప్పు తక్కువైన సంగతి నాలుక పట్టించుకోదు. మా పిల్లలకు అలవాటు కావడానికి దాదాపు నెల పట్టింది.

నూనె దగ్గర ఇంకాస్త ఆగుతాను. గ్రాము పిండిపదార్థంలో, మాంసకృత్తుల్లో 4 కేలరీలుంటే గ్రాము నూనెలో 9. పావుకిలో సొరకాయలో ఎన్ని కేలరీలో, చిన్న చెంచా నూనెలో దాదాపు అన్ని. పోషకాహార సంస్థ లెక్కలో మనిషికి రోజుకు 27 గ్రాములు, అంటే సుమారు 30 మిల్లీలీటర్లు. ఐదుగురికి 150. నెలకు నాలుగున్నర లీటర్లు. మా ఇంట్లో ఏడు లీటర్లు అయ్యేది, పండగ నెలలో ఇంకా ఎక్కువ. ఇప్పుడు పొద్దున్నే 150 మిల్లీలీటర్లు ఒక చిన్న సీసాలో పోస్తాను. ఆ రోజుకు అంతే. ఉదయం ఉగ్గానితో బజ్జీలు వేస్తే రాత్రికి సీసాలో ఏమీ మిగలదని ఇంట్లో అందరికీ కళ్ల ముందు కనిపిస్తుంది, ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. వంకాయ నూనెను దూదిలా పీల్చుకుంటుంది. అందుకని గుత్తివంకాయకు ముందు కాయలను ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద ఉడికించి, తర్వాత మసాలా కూరి, కొద్ది నూనెలో మూతపెట్టి మగ్గిస్తాను. బీర, సొర, దొండకైతే మూత మీద నీళ్లు పోసి సన్నని సెగ మీద ఉంచితే చాలు, తమ నీటితోనే అవి ఉడుకుతాయి.

బుడ్డలు, అంటే వేరుశనగలు, మన సీమ వంటకు ప్రాణం. అందులో మాంసకృత్తులు నూటికి పాతిక వంతు దాకా ఉంటాయి, సగం దాకా నూనె ఉంటుంది. గుప్పెడు, అంటే 30 గ్రాములకు 170 కేలరీలు. మానమని నేను చెప్పను. బుడ్డల పొడి వేసిన రోజు పోపు నూనె తగ్గించండి.

చిరుధాన్యాల గురించి తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడ మోసపోతున్నారు. కొర్రలు తింటే సన్నబడతారని ప్రచారం. వంద గ్రాముల బియ్యం, జొన్న, రాగి, కొర్ర ఏది తీసుకున్నా 320 నుంచి 360 కేలరీల మధ్యే. కొర్రన్నం కంచం నిండా తింటే బరువు తగ్గదు. అయితే వాటిలో పీచు ఎక్కువ, నమిలి తినాలి, ఆకలి ఆగుతుంది. రాగుల్లో వంద గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది, తెల్లబియ్యంలో నామమాత్రం. జొన్నరొట్టెకు నా దృష్టిలో ఇంకో గుణం ఉంది. అన్నమైతే కొంచెం కూరతో పెద్ద ముద్ద కలుపుతాం. రొట్టెనైతే చిన్న తుంపుతో కూరను పట్టుకుని తింటాం. చేతిలోనే పాళ్లు తారుమారవుతాయి. వారంలో నాలుగు రాత్రులు మా ఇంట్లో రొట్టెలే, నాకు రెండు. అన్నం ఉన్న రాత్రి ముందు కూర వడ్డిస్తాను, ఆ తర్వాత అన్నం. మొత్తం గ్లాసున్నర బియ్యం. పెరుగన్నం లేకుండా లేవలేని వారికి, మా ఆయన ఆ కోవలోనివారు, కీరదోస తురుము కలిపిన పెరుగులో రెండు ముద్దల అన్నం.

ఒకే కుండ, కంచాలు వేరు. మా అమ్మాయికి పదకొండేళ్లు, ఎదిగే పిల్ల. ఆమె అన్నం నేను తగ్గించలేదు, పప్పు మీద నెయ్యి, పక్కన గుడ్డు ఉంటాయి. పిల్లలను మన తూకం యంత్రం ఎక్కించకండి.

కిలో కూరగాయలు తరగడానికి సమయం పడుతుంది. బడి నుంచి వచ్చాక నేనొక్కదాన్నే తరగాలంటే ఈ పద్ధతి వారం కూడా సాగేది కాదు. మా ఆయన, మా అబ్బాయి వార్తలు చూస్తూ చిక్కుడుకాయలు ఒలుస్తారు, మటిక్కాయలు తుంచుతారు. వెనక వరుసల్లోని అన్నదమ్ములను నేను మొదటే పలకరించింది ఇందుకే.

తల్లులు ఇంకొకటి గమనించాలి. అందరూ లేచాక గిన్నె అడుగున మిగిలిన అన్నం, పిల్లలు వదిలిన ముద్దలు పారేయలేక నిలబడి తింటాం. దాన్ని భోజనంగా లెక్కలోకి తీసుకోం. నేను నెలరోజులు రాసి చూశాను, వారంలో దాదాపు రెండు పూటల భోజనం అలా వెళ్తోంది. ఇప్పుడు అందరితో పాటు కూర్చుంటాను. మిగిలింది మూతపెట్టి ఫ్రిజ్‌లో పెడితే పొద్దున తాలింపు అన్నమవుతుంది.

షుగరుకు మాత్రలో, ఇన్సులినో వాడేవారు డాక్టరును అడగకుండా రాత్రి అన్నం ఒక్కసారిగా తగ్గించవద్దు. మందు మోతాదు పాతదే ఉండి తిండి తగ్గితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మూత్రపిండాల జబ్బున్నవారు కూడా ఆకుకూరలు పెంచే ముందు అడగండి, వాటిలోని పొటాషియం వారికి ఇబ్బంది చేయవచ్చు.

పద్నాలుగు నెలల్లో నేను 77 కిలోల నుంచి 67కు వచ్చాను. మధ్యలో మూడు నెలలు ముల్లు కదలలేదు. ఇంకా నా బీఎంఐ 28 దగ్గరే ఉంది, ఇంకా తగ్గాలి. షుగరు మాత్రం మామూలుకు వచ్చింది. శరీర బరువులో నూటికి 5 తగ్గినా షుగరుకూ రక్తపోటుకూ మేలని వైద్యులు చెబుతారు. నా లెక్కలో అది నాలుగు కిలోల కన్నా తక్కువే.

ఈ సాయంత్రం పుల్లగూర చేసి తెచ్చాం, వెనక బల్ల మీద ఉంది. రాసుకునేవారు రాసుకోండి, ఐదుగురికి కొలత: తోటకూర నాలుగు కట్టలు, చుక్కకూర ఒక కట్ట, టమాటాలు రెండు, ఒక ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయలు ఎనిమిది, కందిపప్పు వంద గ్రాములు. అన్నీ కలిపి ఉడికించి, పప్పుగుత్తితో ఎనిపి, రెండు చెంచాల నూనెలో తెల్లగడ్డ, ఎండుమిరప, జీలకర్ర తాలింపు. జొన్నరొట్టెలు మా అత్తగారు చేశారు, బల్ల పక్కనే కూర్చున్నారు. గంగవాయిలి దొరికితే ఎంత కలపాలో ఆమెను అడగండి, నాకన్నా ఆమెకు బాగా తెలుసు. రండి, వేడి తగ్గకముందే వడ్డించుకుందాం.