చామనఛాయ ఆక్సొలాటల్‌ను ఎవరూ అడగరేం?

(గుంటూరు బ్రాడీపేటలో అక్వేరియం పెంచేవాళ్ళ సమావేశంలో ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్ చేసిన ప్రసంగం)

అధ్యక్షులవారికి, హాలు ఇచ్చిన పెద్దలకు, ఈ ఎండలో పడి వచ్చిన మీ అందరికీ నమస్కారం. తలుచుకోవాల్సిన వాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు గానీ, ఆ పేర్లన్నీ చదివితే నాకిచ్చిన టైము అక్కడే అయిపోతుంది. వాళ్ళే పెద్దమనసు చేసుకోవాలి.

కరపత్రంలో ‘ఆక్సొలాటల్ పెంపకం’ అని వేశారు. కొత్తవాళ్ళ కోసం చెబుతున్నా, ఆక్సొలాటల్ అంటే చేప కాదు, నీళ్ళలోనే బతికే సాలమాండర్, కప్పలాంటి ఉభయచరం. నేను మాట్లాడేది రంగు గురించి. ఎందుకంటే నాకు ఫోన్ చేసేవాళ్ళలో నీళ్ళు ఎంత చల్లగా ఉండాలని అడిగినవాళ్ళు లేరు. ‘సార్, తెల్లది దొరుకుతుందా? గోల్డ్ కలరుది ఉందా?’ ఇదే గోల. పెళ్ళిచూపులకు వెళ్ళి పిల్ల తెలుపా, చామనఛాయా అని ఆరా తీసినట్టుంది మన వరస.

దీని పుట్టిల్లు మెక్సికో నగరం పక్కన ఉన్న షోచిమిల్కో సరస్సు, దాని కాలువలు. అక్కడి బురదలో కనపడకుండా బతకాలి కాబట్టి ఒళ్ళు ముదురు గోధుమ, కాస్త పచ్చదనం కలిసిన రంగు. మీద నల్లమచ్చలు, అక్కడక్కడా బంగారు రంగు చుక్కలు. అదీ అసలు రంగు. చర్మంలో మూడు రకాల వర్ణకణాలుంటాయి: నలుపువి, పసుపువి, వెలుగు పడితే మెరిసేవి. మూడూ ఉంటేనే ఆ చామనఛాయ. మెరిసేవి లేకపోతే ఒళ్ళు మాసిన నలుపుగా ఉంటుంది, కంటిపాప చుట్టూ మెరిసే ఉంగరం కూడా ఉండదు. దాన్ని మెలనాయిడ్ అంటారు.

మరి తెల్లది? అల్బినో అనేస్తారు అందరూ. కాదండీ, ముందు కళ్ళు చూడండి. కళ్ళు నల్లగా ఉంటే అది ల్యూసిస్టిక్. పిండంగా ఉన్నప్పుడు వర్ణకణాలు వీపు వైపు పుట్టి అక్కణ్ణుంచి ఒళ్ళంతా పాకాలి. దీనిలో అవి సరిగ్గా పాకవు. కంటి లోపలి నలుపును కన్నే సొంతంగా తయారుచేసుకుంటుంది, అందుకే అది పోదు. అల్బినో సంగతి వేరు. అందులో మెలనిన్ అనే నల్లరంగు పదార్థం తయారవదు, కళ్ళు కూడా ఎర్రగా కనిపిస్తాయి. పసుపు కణాలు మిగిలితే గోల్డెన్ అల్బినో. తెల్లదానికి వయసొచ్చాక మొహం మీద నల్లచుక్కలు పడితే టెన్షన్ పడకండి, జబ్బేం కాదు.

1864లో మెక్సికో నుంచి పారిస్ చేరిన 34 ఆక్సొలాటళ్ళలో ఒక తెల్ల మగది ఉంది. లాబుల్లోని తెల్లవాటికి మూలం ఆ సరుకే. అల్బినో అయితే ఈ జాతిలో పుట్టిందే కాదు. 1962లో హంఫ్రీ అనే శాస్త్రవేత్త దీని దగ్గరి చుట్టం టైగర్ సాలమాండర్‌తో సంకరం చేస్తే వచ్చింది.

ఇక నీలం. ఇక్కడ నాకు ఒళ్ళు మండుతుంది, కాస్త ఓపిక పట్టండి.

మా చెల్లెలు విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటుంది. మనవడి పుట్టినరోజని ఒక షాపులో ‘నీలం ఆక్సొలాటల్’ కొన్నది. మర్నాడే ఫోను: ‘అన్నయ్యా, దీని రంగు దిగిపోయింది, మా ఇంటి నీళ్ళు పడలేదేమో!’ వెళ్ళి చూస్తే ట్యూబ్‌లైటు కింద బూడిదరంగు జీవి, ఫిల్టర్ గొట్టం వెనక తల దూర్చుకుని ఉంది. రంగు దిగడం కాదు, షాపు ట్యాంకు మీద నీలం ఎల్ఈడీ పెట్టారు. వీటికి నీలం వర్ణకణం అనేదే లేదు. షాపుకెళ్ళి అడిగితే అతనేమన్నాడో తెలుసా? ‘లైటు తేడా సార్. ఆ లైటు కూడా మన దగ్గర ఉంది, పట్టుకెళ్ళండి.’ మా బావగారు కొనుక్కొచ్చారు కూడా! కనురెప్పలు లేని జీవం అది. రాత్రీ పగలూ నెత్తిన లైటేస్తే ఎక్కడ దాక్కుంటుంది, చెప్పండి? ఆ లైటు నేనే పీకేయించాను. పిల్లాడికి రంగు పట్టింపు లేదు, అది వానపాము మింగడం చూస్తే చాలు వాడికి. పట్టింపంతా పెద్దవాళ్ళదే.

నీలం లైటులో ఆకుపచ్చగా వెలిగేవి నిజంగానే ఉన్నాయి, కాదనను. జెల్లీఫిష్ జన్యువు చేర్చి లాబులో తయారుచేసిన సంతతి అది. కొనేముందు మామూలు తెల్ల లైటు వేయించండి. వేయనంటే బయటికొచ్చేయండి.

ఒక్కసారి చేతులెత్తండి, గోధుమరంగుది ఎవరింట్లో ఉంది? ముగ్గురా? ఇంతమందిలో! అసలు ఊళ్ళోనే అది అంతరించిపోతోందయ్యా. షోచిమిల్కోలో 1998లో చదరపు కిలోమీటరుకు దాదాపు 6,000 ఉన్నట్టు లెక్క తేలింది, 2014 నాటికి 36కు పడిపోయింది.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఏ రంగుదైనా దీనికి 16 నుంచి 18 డిగ్రీల నీళ్ళు కావాలి, 24 దాటితే విలవిల్లాడుతుంది. మన గుంటూరు మే నెల సంగతి మీకు చెప్పాలా? నీళ్ళు చల్లబరిచే మెషీను, అదే చిల్లర్, కొనే స్తోమత లేకపోతే ఆక్సొలాటల్ జోలికి పోకండి, గప్పీ చేపలు పెంచుకోండి. ఐసుముక్కలతో నెట్టుకొస్తామంటే ఒప్పుకోను. ఇక ఫోటోలు తెచ్చినవాళ్ళు బల్ల దగ్గరికి రండి, కంటి చుట్టూ ఉంగరం ఉందో లేదో చూసి మీది ఏ రకమో చెబుతాను. నీలం లైటులో తీసినవి మాత్రం తేవద్దు.