తెర మీద చూసి జైవ్ వస్తుందా? ఆరు వారాల తర్వాత మా రివ్యూ

హలో అండీ, నమస్తే. వెనకాల సోఫా నిలువుగా గోడకి ఆనించి ఉంది, టీపాయ్ బాల్కనీలో ఉంది, ఇల్లు ఖాళీ చేస్తున్నారా అని మాత్రం అడక్కండి. ఆరు వారాలుగా మా హాలు ఇలాగే ఉంది. మా ఆవిడా నేనూ ఆన్‌లైన్ పాఠాలు చూసి జైవ్ నేర్చుకుంటున్నాం, అదే, జంటగా ఆడే బాల్‌రూమ్ జైవ్. ఇంతకుముందు మా ఇద్దరికీ డాన్స్ అంటే బరాత్‌లో చేతులు పైకెత్తి ఊగడం వరకే తెలుసు. కాబట్టి ఇది మాస్టర్ చెప్పే రివ్యూ కాదు, ఇంట్లో కిందా మీదా పడ్డవాడు చెప్పే రివ్యూ.

మేం వాడింది మూడు రకాలు. యూట్యూబ్‌లో ఉచితంగా దొరికేవి, నెలనెలా డబ్బు కట్టే రికార్డెడ్ కోర్సు ఒకటి, వీడియో కాల్‌లో లైవ్ క్లాసులు నాలుగు. కోర్సు పేరు, క్లాసు పేరు చెప్పను, ఎందుకంటే కాసేపట్లో కొంచెం తిట్టబోతున్నాను.

ముందు తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. జైవ్ పుట్టిల్లు అమెరికా. న్యూయార్క్ హార్లెమ్‌లో 1926లో తెరిచిన సవాయ్ బాల్‌రూమ్ లాంటి చోట్ల నల్లజాతి వాళ్ళు ఆడిన లిండీ హాప్ దీనికి తల్లి లాంటిది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ సైనికులతో ఆ ఆట బ్రిటన్ చేరింది, అక్కడి డాన్స్ మాస్టర్లు దాన్ని కత్తిరించి, ఇస్త్రీ చేసి, అడుగులకి పేర్లు పెట్టి, 1968లో పోటీల్లో ఐదో లాటిన్ డాన్స్‌గా చేర్చారు. లాటిన్ అమెరికాతో దీనికి చుట్టరికమేమీ లేదు, అయినా ఆ వరసలోనే కూర్చోబెట్టారు. సాంబా, చా-చా, రుంబా, పాసో డోబ్లే అన్నీ ఆడి ఆయాసపడుతున్నవాళ్ళ చేత చివర్లో దీన్ని ఆడిస్తారు. ఎంత దయో చూడండి.

సరే, అసలు విషయం. బేసిక్ అంటే ఇంతే: ఒకటికి ఎడమ కాలు వెనక్కి, రెండుకి బరువు మళ్ళీ ముందున్న కుడి కాలి మీదికి. దీన్ని రాక్ అంటారు. తర్వాత మూడు-అ-నాలుగు అని ఎడమ పక్కకి మూడు చిన్న అడుగులు, మళ్ళీ మూడు-అ-నాలుగు అని కుడి పక్కకి మూడు. ఈ మూడేసి అడుగుల్ని షాసే అంటారు. నేను చెప్పింది నడిపించేవాళ్ళ కాళ్ళు, ఎదుటివాళ్ళకి కుడి ఎడమలు తిరగేసుకోవాలి. మొత్తం ఎనిమిది అడుగులు, ఆరు లెక్కలు. చూస్తే పది నిమిషాల్లో వచ్చేస్తుంది అనిపిస్తుంది. వచ్చేస్తుంది కూడా, పాట పెట్టనంత వరకు.

పాట పెట్టాక ఏమవుతుందంటే, పాట నాలుగు నాలుగుగా నడుస్తుంది, మన అడుగు ఆరుతో తిరుగుతుంది. కోలాటం చూసి పెరిగిన ప్రాణం కదా, పాట ఎత్తుకున్న చోటే నా కాలు కూడా మొదలవ్వాలని చెవి పట్టుబడుతుంది. ఇక్కడ అలా జరగదు. మొదటి బేసిక్ పాటతో కలిసి మొదలవుతుంది, రెండోది వచ్చేసరికి రెండో బార్ (పాటలో నాలుగు లెక్కల ముక్కని బార్ అంటారు) మధ్యలో, మూడో లెక్క మీద పడుతుంది, పన్నెండు లెక్కలు పూర్తయ్యాక గానీ మళ్ళీ రెండూ ఒకచోట కలవవు. ఇది తెలియక నేను రెండు వారాల పాటు, నిజంగా రెండు వారాలు, రెండో బేసిక్ దగ్గర తప్పు చేశాననుకుని ఆపి, సారీ చెప్పి, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకునేవాణ్ణి. తప్పు నాది కాదు! డబ్బు కట్టిన కోర్సులో ముప్పైకి పైగా పాఠాలున్నాయి, అందులో ఒక్కదాంట్లో కూడా ఈ ముక్క చెప్పలేదు. చివరికి చెప్పింది ఎవరయ్యా అంటే, సరైన లైటు కూడా లేని గదిలో తీసిన ఒక ఉచిత వీడియో.

ఇంకోటి, ఆ "అ" ఉంది చూశారా, మూడుకీ నాలుగుకీ మధ్యలో, దాన్ని సరిగ్గా మధ్యలో వేస్తే జైవ్ కాదు, డ్రిల్ పీరియడ్‌లా ఉంటుంది. మూడు మీద ముప్పావు ఉండాలి, "అ" పావు, నాలుగు నిండా ఒకటి. ముప్పావు, పావు, ఒకటి. మా ఆవిడ దీన్ని పాల లెక్కలా గుర్తుపెట్టుకుంది. ఆ పావు పొట్టిగా పడితేనే అడుగులో ఎగురు వస్తుంది. దీన్ని నోటితో అనిపించే పాఠం మంచి పాఠం. ఊరికే వన్ టూ త్రీ ఫోర్ అని నవ్వుతూ ఎగిరిపోయే పాఠం అయితే పక్కన పెట్టేయండి.

వేగం గురించి. పోటీల్లో నిమిషానికి 42 నుంచి 44 బార్లు, అంటే 168 నుంచి 176 దెబ్బలు. మొదటిరోజే ఆ వేగంలో పెట్టామనుకోండి, కాళ్ళు మన మాట వినవు. ప్లేయర్‌లో 0.75 పెట్టుకుంటే 126, 132 దగ్గరికి దిగుతుంది, నేర్చుకోవడానికి అది బాగుంటుంది. కొందరు 0.5 పెట్టుకోమంటారు, నాకు అది ఇంకా కష్టమైంది, ఎందుకంటే అంత నెమ్మదిలో ఒంటికాలి మీద కొంగలా ఆగాల్సి వస్తోంది, ఎగురు చచ్చిపోతోంది, షాసే కాస్తా బురదలో నడకలా తయారవుతోంది. అందుకే సగం వేగం అడుగు ఎక్కడ పడుతోందో చూడటానికి మాత్రమే, ఆడటానికి కాదు.

ఇప్పుడు తిట్లు. ఆ డబ్బు కోర్సు కెమెరా పని చాలా అందంగా ఉంది, చెక్క నేల, పెద్ద కిటికీ, సినిమా లెక్కన. కానీ టీచరు ఎప్పుడూ మన వైపే తిరిగి ఉంటారు. ఆయన ఎడమ మన కుడి వైపు కనిపిస్తుంది. మా ఆవిడకి ఇబ్బంది లేదు, అద్దంలో చూసినట్టు చేసేస్తే ఎదుటివాళ్ళ అడుగు వచ్చేస్తుంది. నేను మాత్రం ప్రతి అడుగూ తల్లో తిరగేసుకోవాలి, ఆలోపు పాట వెళ్ళిపోతుంది. వెనక నుంచి తీసిన షాట్ ఒక్కటి పెట్టుంటే చాలు. పాఠం ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది అదే, వీపు కనిపిస్తోందా లేదా. రెండో విషయం, తొమ్మిదో పాఠానికే అమెరికన్ స్పిన్, పన్నెండుకి చికెన్ వాక్స్. రాక్ వేస్తూ నేను ఇంకా వెనక్కి పడిపోతున్నానండీ, నాకు కోడి నడకలెందుకు?

లైవ్ క్లాసు టీచర్ మంచివారు, ఓపికగలవారు. కానీ వీడియో కాల్‌లో ఒక చిక్కుంది. అక్కడి పాట మన దగ్గరికి కొంచెం ఆలస్యంగా వస్తుంది, మనం దానికి ఆడిన ఆట అక్కడికి ఇంకొంచెం ఆలస్యంగా చేరుతుంది. దాంతో మేం సరిగ్గా ఆడినా ఆవిడకి లేటుగానే కనిపిస్తాం. "బీట్ కంటే వెనకబడుతున్నారు" అంటే మేం తొందరపడటం, ఇక్కడ నిజంగానే తప్పడం. మూడో క్లాసు నుంచి పాట మా ఫోన్లో మేమే పెట్టుకున్నాం, అప్పటి నుంచి బాగుంది. ఆవిడ వల్ల బాగుపడింది నా ఒళ్ళు. షాసే పెద్దగా వేయొద్దు, పాదాలు నడుము కిందే ఉండాలి అని చెప్పి, నాలుగు టైల్స్ మీద ఎగురుతున్నవాణ్ణి ఒక్క టైల్ మీదికి తెచ్చారు. మడమ నేలకి ఆనీ ఆనకుండా ముందు పాదం మీద ఉండటం కూడా ఆవిడ పట్టుబట్టి నేర్పిందే. పిక్కలు పట్టేశాయనుకోండి, మొదటి వారం మెట్లు దిగడానికి రెయిలింగ్ పట్టుకున్నాను.

నేల సంగతి కూడా చెప్పేస్తాను. టైల్స్ మీద సాక్సుతో వద్దు, జారిపోతారు. స్పోర్ట్స్ షూ అసలు వద్దు, రబ్బరు నేలని పట్టేస్తుంది, ఒళ్ళు తిరుగుతుంది, మోకాలు తిరగదు. అట్ట అరిగిపోయిన పాత కాన్వాస్ బూట్లు ఉంటే బయటికి తీయండి.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. ఇన్ని పాఠాలు చూశాక మా కాళ్ళు దాదాపు కుదిరాయి. విడివిడిగా ఆడితే ఇద్దరమూ బాగానే ఉన్నాం. చెయ్యి పట్టుకోగానే గొడవ. ఛేంజ్ ఆఫ్ ప్లేసెస్ అని ఒక అడుగుంటుంది, మా ఆవిడ నా చేతి కింద నుంచి తిరిగి అటు వెళ్ళాలి. నేను చెయ్యి లేపేసరికి ఆవిడ తిరగడానికి సిద్ధంగా ఉండదు, లేకపోతే తను తిరిగేశాక నేను లేపుతాను. "ఏంటండీ బావిలోంచి చేద తోడుతున్నట్టు ఆ లాగుడు, నా చెయ్యి తాడా?" అంది ఒకరోజు. రాత్రి తొమ్మిదిన్నర అయింది, అప్పుడే బెల్ మోగింది.

కింద ఫ్లాట్ ఆంటీ. అయిపోయాం, సొసైటీకి కంప్లైంట్ అనుకున్నాను. ఆవిడ లోపలికి తొంగి చూసి, తెర మీద ఆడుతున్న పాఠం చూసి, "ఏంటి బాబూ, జైవా?" అంది. మేముండేది మల్కాజిగిరిలో. ఆవిడ లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన ఆంగ్లో-ఇండియన్, క్రిస్మస్‌కీ న్యూ ఇయర్‌కీ రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో, అంటే రైల్వే ఉద్యోగుల క్లబ్బులో, బ్యాండు పెట్టి తెల్లవార్లూ ఆడినవాళ్ళు. మేం ఏ దేశం వాళ్ళ పాఠాలకో డబ్బు కడుతున్నాం, కింద ఫ్లాట్‌లో ఈవిడ ఉంది!

ఆంటీ జైవ్ పుస్తకం జైవ్ కాదు. మోకాళ్ళు ఎత్తడాలు, కాళ్ళు విసరడాలు లేవు, షాసే కూడా సగం సార్లు మింగేస్తుంది. చెప్పులు గుమ్మం దగ్గర వదిలేసి నా చెయ్యి పట్టుకుని, "బొటనవేలు తియ్యి" అంది. అదండీ, నేను గేటు గొళ్ళెంలా బొటనవేలితో బిగించి పట్టుకుంటున్నాను, ఇంకేం తిరుగుతుంది ఆ చెయ్యి? వేళ్ళు కొక్కెంలా ఊరికే తగిలించాలట. తర్వాత అడుగులు వద్దంది, పాట పెట్టి ఊరికే ముందుకీ వెనక్కీ నడవమంది, నేను ఎప్పుడు ఆగుతానో తనకి చెయ్యిలోనే తెలియాలి, కళ్ళు మూసుకుని ఉంటాను అంది. పది నిమిషాలు అదే. ఆ తర్వాత మా ఆవిడతో ఛేంజ్ ఆఫ్ ప్లేసెస్ చేస్తే, మొదటి షాసే అయ్యేలోపే చెయ్యి దానంతట అది లేచింది, ఆవిడ కింద నుంచి వెళ్ళిపోయింది. లాగలేదు నేను. రాక్‌లో వెనక్కి పడిపోవడం కూడా తగ్గింది, అప్పటి దాకా బరువంతా ఆవిడ చేతికి వేలాడేస్తున్నానన్నమాట.

ఈ ముక్క పాఠాల్లో లేదా అంటే, ఉంది. డబ్బు కోర్సు ఐదో పాఠంలో నలభై సెకన్లుంది, వెతికి చూశాను. కానీ నలభై సెకన్లు చూస్తే చెయ్యి వదులు కాదు, ఎంత బిగించానో తెరకి తెలియదు కదా.

మార్కులు వేయమంటే, ఉచిత వీడియోలకి పదికి ఏడు. ఓపికగా వెతుక్కోవాలి, ఒకే టీచరు దగ్గర బేసిక్ మీద పావుగంట తగ్గకుండా ఉన్నది పట్టుకోండి, ఐదు నిమిషాల్లో ఐదు స్టెప్పులు అన్నవి వదిలేయండి. డబ్బు కోర్సుకి నాలుగు, ఆ నాలుగూ కెమెరాకే. వచ్చే నెల కట్టడం లేదు. లైవ్ క్లాసుకి ఆరు, పాట మీ దగ్గరే పెట్టుకుంటే ఏడు, ఒంటరిగా నేర్చుకునేవాళ్ళయితే దీనికే డబ్బు పెట్టండి. ఆంటీకి మార్కులు వేసేంతవాణ్ణి కాదు, ఆదివారం ఆదివారం పైకి వస్తోంది, మా ఆవిడ చేసే పులిహోర తింటుంది, నన్ను తిడుతుంది.

ఇప్పుడు నిన్నటి క్లిప్ వేస్తున్నాను, 132 వేగంలో, కత్తిరింపులు లేవు. నాలుగో బేసిక్ దగ్గర ఎవరో ఒకరు తప్పారు. నేనే అని మా ఆవిడ, తనే అని నేను. చూసి చెప్పండి, కానీ నా కాళ్ళ వైపు మరీ అంత చూడకండి.