చచ్చిపోవాలనిపిస్తోందని థెరపిస్టుకి చెప్పడం ఎలా?

[తెర మీద: గోడ గడియారం. సెషన్ ఇంకో రెండు నిమిషాల్లో అయిపోతుంది.]

నిద్ర పట్టడం లేదని చెప్పారు. ఆఫీసు టెన్షన్లు చెప్పారు. లేచి తలుపు మీద చెయ్యి వేశాక గొంతు పెగిలింది: "ఇంకోటండీ... ఈ మధ్య చచ్చిపోతే బాగుండనిపిస్తోంది."

థెరపిస్టులకి ఇది కొత్తేం కాదు. అసలు మాట చివరిదాకా ఆగిపోతుంది. ఎందుకంటే భయం. చెప్పగానే ఆస్పత్రిలో పడేస్తారేమో, ఇంట్లోవాళ్లకి ఫోన్ చేసేస్తారేమో!

ఆలోచన రావడం వేరు, చేసేయడానికి సిద్ధపడటం వేరు. "పొద్దున లేవకపోతే బాగుండు" అన్నంత మాత్రాన మామూలుగా ఎవరినీ ఆస్పత్రిలో చేర్చరు. ప్రాణానికి వెంటనే ముప్పు ఉందనిపిస్తేనే గోప్యత దాటాల్సి వస్తుంది. రూల్స్ చోటుని బట్టి మారతాయి కాబట్టి మొదటి రోజే అడిగేయండి: "నేను ఏం చెబితే మీరు బయట చెప్పాల్సి వస్తుంది?" ఇలా అడిగితే ఏమీ అనుకోరు.

[తెర మీద: నోట్‌బుక్, పెన్ను]

తర్వాత ప్రశ్నలు మొదలవుతాయి. ఎప్పటినుంచి? ఎలా చేయాలో ఆలోచించారా? దానికి కావాల్సింది దగ్గర పెట్టుకున్నారా? ఇన్నాళ్లూ మిమ్మల్ని ఆపిందేంటి? వినడానికి పోలీసు విచారణలా ఉంటుంది, నిజమే. ముప్పు ఎంత దగ్గరలో ఉందో వాళ్లకి తెలిసేది వీటితోనే. ఇక్కడ తగ్గించి చెబితే సాయం కూడా ఆ మేరకే అందుతుంది.

మాట రాకపోతే అంకె చెప్పండి. డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) అనే మానసిక చికిత్సలో రోజూ చచ్చిపోవాలనే కోరిక ఎంత బలంగా ఉందో 0 నుంచి 5 దాకా కార్డు మీద రాసుకుంటారు. ఆ పద్ధతిని రూపొందించిన మార్షా లైనహన్ వయసులో ఉన్నప్పుడు తనూ ఇదే బాధ పడ్డానని 2011లో అందరి ముందూ చెప్పారు. "ఇవాళ నాలుగు" అంటే చాలు. అదీ కష్టమైతే ఫోన్‌లో టైప్ చేసి చేతికివ్వండి.

[తెర మీద: చేతిరాతతో ఒక కాగితం]

మీరూ థెరపిస్టూ కూర్చుని రాసే సేఫ్టీ ప్లాన్ ఇది, అంటే ఆ ఆలోచన ముదిరితే ఏం చేయాలో ముందే రాసి పెట్టుకునే కాగితం. మాటలు మీవే ఉండాలి. మొదటి లైను చూడండి: "రాత్రి పదకొండు దాటాక లైటు ఆపకుండా గోడకేసి చూస్తూ కూర్చుంటాను." ముప్పు మొదలయ్యే గుర్తు అది. దాని కింద, అప్పుడు ఏం చేస్తాను, ఎవరి దగ్గరికి వెళ్తాను, ఇంట్లోంచి ఏం తీయించేయాలి.

ఈ రాత్రే ఏదైనా చేసుకుంటానేమో అనిపిస్తే మాత్రం అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. ఎవరినైనా పక్కన కూర్చోమనండి. మీ దగ్గరి ఎమర్జెన్సీకి గానీ హెల్ప్‌లైన్‌కి గానీ ఇప్పుడే ఫోన్ చేయండి.