మూడో నెల దాటాక అందే దోమతెర

వ్యాఖ్యాత: నమస్కారం. గర్భిణిని మలేరియా నుంచి కాపాడేది మందు పట్టించిన దోమతెర. ఇంట్లో ఆ తెర ఉంటుంది, గర్భిణి మాత్రం దాని బయట పడుకుంటుంది. ఎందుకిలా? ఆరోగ్య కార్యకర్త గారూ, ముందు మీరు చెప్పండి.

ఆరోగ్య కార్యకర్త: మొదట చెప్పేది ఉక్క గురించే. "లోపల ఊపిరాడదమ్మా" అంటారు. ఆ తర్వాత తెరకు పట్టించిన మందు. కడుపులో బిడ్డకు ఏమవుతుందోనని భయం. దాన్ని మూఢనమ్మకమని నేను కొట్టిపారెయ్యను. కడుపుతో ఉన్న మనిషి ఏ మందు గురించైనా అడగాల్సిన ప్రశ్నే కదా.

డాక్టర్: అడగాల్సిందే. అందులో వాడేది పైరెత్రాయిడ్ రకం మందు. దోమ చావడానికి చాలినంతే ఉంటుంది. తొలి నెలల నుంచే గర్భిణులు ఆ తెరలో పడుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కొత్త తెరను ఒక రోజు నీడలో ఆరేస్తే వాసన, మంట తగ్గుతాయి.

తల్లి: నా తొలి కాన్పప్పుడు ఈ మాట ఎవరూ చెప్పలేదండీ. ఉన్నది ఒక్క తెర. "చిన్నపిల్లల్ని పడుకోనీ" అన్నారు, సరే అన్నాను. ఆ తర్వాత నీరసమొస్తే వేవిళ్లనుకున్నా. జ్వరం కూడా లేదు. బిడ్డ రెండు కిలోలైనా తూగలేదు.

డాక్టర్: మీ విషయంలో కారణం మలేరియానేనని ఇప్పుడు నేను చెప్పలేనమ్మా. కానీ జ్వరం లేకుండానే మలేరియా ఉండొచ్చు. ఫాల్సిపారం అనే మలేరియా క్రిమి సోకిన ఎర్రరక్తకణాలు మాయకు, అంటే కడుపులో బిడ్డకు ఆహారం అందించే భాగానికి, అంటుకుని అక్కడే పేరుకుంటాయి. వేలి నుంచి తీసిన రక్తంలో ఒక్కోసారి దొరకవు. తల్లికి రక్తం తగ్గుతుంది, బిడ్డ ఎదుగుదల తగ్గుతుంది. మలేరియా మధ్యే పుట్టి పెరిగిన అమ్మాయికి కొంత నిరోధకశక్తి ఉన్నా, మాయకు అంటుకునే ఈ రకాన్ని ఆమె ఒంట్లోని రక్షణ గుర్తుపట్టదు. అందుకే తొలిచూలుకు ప్రమాదం ఎక్కువ.

వ్యాఖ్యాత: తెరతో నిజంగా అంత తేడా ఉంటుందా?

డాక్టర్: ఉంటుంది. ఆఫ్రికాలో జరిగిన ప్రయోగాలను కలిపి చూసిన 2006 నాటి సమీక్షలో, మొదటి నాలుగు కాన్పుల్లోపు తల్లుల్లో తక్కువ బరువు బిడ్డలు 23 శాతం తగ్గారు. గర్భస్రావాలు, మృతశిశు జననాలు 33 శాతం తగ్గాయి.

ఆరోగ్య కార్యకర్త: నా బాధ ఒకటుంది. చాలాచోట్ల తెర ఇచ్చేది గర్భిణిగా పరీక్షకు వచ్చినప్పుడే. నెల తప్పిన సంగతి మూడు నెలలు దాటేదాకా బయటపెట్టరు, నిలుస్తుందో లేదోనని. ఆఫ్రికాలో మలేరియా రాకుండా ముందుజాగ్రత్తగా ఇచ్చే మాత్రలు కూడా నాలుగో నెలనుంచే. అంటే ఆ తొలి నెలల్లో ఆమెకు ఉన్న అడ్డు తెర ఒక్కటే, అదీ చేతికి రాదు. కడుపు పండకముందే ఇవ్వాలి. పెళ్లయిన ప్రతి అమ్మాయికీ, అడక్కుండా.

వ్యాఖ్యాత: రెండోసారి మీరేం చేశారమ్మా?

తల్లి: అనుమానం రాగానే తెర దించుకున్నానండీ. కడుపుతో ఉన్నానని అప్పుడే చెప్పలేదు. "దోమలు ఎక్కువయ్యాయి" అన్నాను. నాలుగు మూలలా తాళ్లు మా ఆయనే కట్టారు.