పాత ఇంజిన్‌కి గట్టి క్లచ్ వేసేముందు: థ్రస్ట్ వాషర్లు ఊడిపోకుండా చూసుకోండి

[దృశ్యం: గాజువాక ఆటోనగర్‌లో ఒక షెడ్డు. స్టాండు మీద తలకిందులుగా బిగించిన ఇంజిన్ బ్లాకు. ఆయిల్ చాంబర్ విప్పి ఉంది.]

వాయిస్: నమస్కారమండీ. ఇది స్టాండర్డ్ హెరాల్డ్ ఇంజిన్. ఇంగ్లండ్ ట్రయంఫ్ హెరాల్డ్‌నే మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కంపెనీ 1961 నుంచి మన దేశంలో తయారు చేసింది. 948 సీసీ, నాలుగు సిలిండర్లు, క్రాంక్ షాఫ్ట్‌ని, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసుని, మోసే మెయిన్ బేరింగులు మూడు. దీనికి జంట కార్బురేటర్లు, కొత్త క్యామ్ షాఫ్ట్, గట్టి స్ప్రింగున్న క్లచ్ ప్రెషర్ ప్లేటు వేయించాలని ఓనరు గారి ముచ్చట. పవర్ పెరిగితే పాత క్లచ్ జారుతుంది కాబట్టి గట్టిది కావాలి, నిజమే. కానీ ఆ క్లచ్ తోపు భారం చివరికి ఎవరి నెత్తిన పడుతుందో చూద్దాం.

[క్లోజప్: అరచేతిలో రెండు అర్ధచంద్రాకారపు వాషర్లు]

వీటి నెత్తినే. థ్రస్ట్ వాషర్లు అంటే ఇవి. పిస్టన్లు కొట్టే దెబ్బల్ని మెయిన్ బేరింగులు కాస్తాయి. కానీ క్రాంక్ షాఫ్ట్ ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపేవి ఇవే. మన షిప్‌యార్డులో పనిచేసినవాళ్లకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ప్రొపెల్లర్ తోపు షాఫ్ట్ వెంట ఓడలోకి వస్తుంటే దాన్ని ఆపడానికి పెద్ద థ్రస్ట్ బ్లాకు పెడతారు. కారులో అదే పనిని ఈ రెండు రేకు ముక్కలకి అప్పగించారు.

మీరు క్లచ్ పెడల్ తొక్కినప్పుడల్లా రిలీజ్ బేరింగ్ ప్రెషర్ ప్లేటుని నెడుతుంది. ఆ తోపుకి ఫ్లైవీల్, దానితోపాటు క్రాంక్ ముందుకి, అంటే రేడియేటర్ వైపు జరుగుతాయి. హెరాల్డ్‌లో వాషర్లు వెనక మెయిన్ బేరింగ్‌కి చెరోవైపు ఉంటాయి. భారమంతా ఫ్లైవీల్ వైపున్న దాని మీదే పడుతుంది. ముందు వాషర్ ఏళ్ల తరబడి కొత్తదానిలా ఉంటే, వెనకది అరిగి పల్చబడుతుంది. పైగా వీటికి విడిగా ఆయిల్ దారి లేదు. మెయిన్ బేరింగ్ అంచుల నుంచి కారే నూనే గతి.

[క్లోజప్: వెనక మెయిన్ బేరింగ్. బేరింగ్ కింది సగాన్ని పట్టి ఉంచే క్యాప్ తీసి ఉంది. వేలితో తోస్తే వాషర్ చుట్టూ తిరిగి బయటికొస్తుంది.]

ఇప్పుడు అసలు లోపం చూడండి. ఈ ఇంజిన్‌లో వాషర్లు బ్లాకు వైపు సగంలోనే ఉన్నాయి. కింద క్యాప్ వైపు ఏమీ లేదు. వాషర్‌ని పట్టి ఉంచే పిన్ను లేదు, చెవి లేదు. బ్లాకులో తీసిన గాడికీ క్రాంక్‌కీ మధ్య ఇరుక్కుని నిలబడుతుంది, అంతే. అరిగిపోయి సందు పెరిగితే అలా తిరిగి తిరిగి చాంబర్‌లో పడిపోతుంది. ఆ తర్వాత క్రాంక్ ఇనుము నేరుగా బ్లాకు ఇనుముని రాస్తుంది. అంతదాకా వస్తే వాషర్లు మారిస్తే సరిపోదు, బ్లాకు, క్రాంక్ రెండూ చేతికి రాకుండా పోవచ్చు.

అంబాసిడర్ వాళ్లు కొంత నయం. పాత 1489 సీసీ ఇంజిన్‌లో వాషర్లు మధ్య మెయిన్ దగ్గర పైనా కిందా రెండు సగాలూ ఉంటాయి. కింది వాటికి క్యాప్‌లో కూర్చునే చెవులు కూడా ఉంటాయి. అరుగుదల మాత్రం దానికీ తప్పదు.

[దృశ్యం: క్రాంక్ ముందు చివర డయల్ గేజ్. మేస్త్రి పెద్ద స్క్రూడ్రైవర్‌తో క్రాంక్‌ని అటూ ఇటూ తోస్తున్నారు.]

పని మొదలుపెట్టేముందు ప్లే, అంటే క్రాంక్ ముందుకీ వెనక్కీ ఎంత జరుగుతుందో కొలవండి. క్రాంక్‌ని వెనక్కి పూర్తిగా తోసి గేజ్‌ని సున్నా చేసి, ముందుకి తోయండి. ఈ కాలపు ఇంజిన్లకి మామూలుగా 4 నుంచి 8 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల దాకా ఉంటే బాగున్నట్టు. మీ బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పట్టించుకోండి. ఎక్కువుంటే మందం పెరిగిన ఓవర్ సైజు వాషర్ వేస్తారు. నా మాటైతే, వెనకది ఒక్కటే మార్చి సరిపోతే ముందుది ముట్టుకోవద్దు. అలాగని మరీ బిగుతుగానూ పెట్టొద్దు. ఆయిల్ పొరకి చోటు లేకపోతే మొదటి రోజే కాలిపోతుంది. క్రాంక్ ముఖం మీద గీతలుంటే ముందు గ్రైండింగ్, ఆ తర్వాతే వాషర్ సైజు మాట.

[దృశ్యం: బెంచి మీద క్యాప్, స్క్రూలు, ఎపాక్సీ ట్యూబు. వాయిస్ ఇచ్చే అతను మేస్త్రితో మాట్లాడుతున్నాడు.]

"మేస్త్రి గారూ, ఎపాక్సీ పెట్టి అతికించేస్తే పోదా? చాలామంది అదే అడుగుతున్నారు."

"ఏటి బాబూ, మరిగే నూనెలో ఆ గమ్ము ఎన్నాళ్లుంటాది? ఊడిన ముక్క ఆయిల్ పంపు జాలీలో అడ్డం పడితే మెయిన్లు కూడా పోతాయి."

వాయిస్: కాబట్టి గమ్ము వద్దు. రెండో దారి పిన్ను. వాషర్‌కీ వెనక బ్లాకుకీ కలిపి చిన్న రంధ్రం వేసి, ఇత్తడి పిన్ను గానీ కౌంటర్ సింక్ స్క్రూ గానీ దించుతారు. తల బాగా లోతుకి దిగాలి. వాషర్ మీది మెత్తటి పొర మొత్తం అరిగినా ఆ తల క్రాంక్‌కి తగలకూడదు. రంధ్రం బ్లాకు లోపలి ఆయిల్ దారిలోకి (ఆయిల్ గ్యాలరీ) దూసుకుపోకుండా బ్లాకు మందం ముందే చూసుకోవాలి. పిన్ను కొడితే వాషర్ తిరగదు, పడదు. కానీ బరువు మోసే వైశాల్యం అదే సగం. గట్టి క్లచ్ వేస్తూ పిన్నుతో సరిపెట్టుకోవడం నాకు నచ్చదు.

[దృశ్యం: మిల్లింగ్ మెషీన్ మీద క్యాప్]

మూడోది కాస్త ఖర్చు, కానీ చేయించదగ్గ పని. వెనక క్యాప్ రెండు పక్కలా మిల్లింగ్‌తో గాడి తీయించి కింది సగం వాషర్లు కూడా వేయించడం. అప్పుడు చుట్టూ పూర్తి వలయం వస్తుంది. పై సగం జారిపోదామన్నా కింది సగం అడ్డం ఉంటుంది. కింది దానికి ఒక చెవో పిన్నో పెడితే మొత్తం వలయం తిరగకుండా ఆగుతుంది. మిల్లింగ్ చేసేవారికి రెండు మాటలు గట్టిగా చెప్పండి. క్యాప్ బ్లాకుతో కలిసే ముఖాన్ని అస్సలు తాకకూడదు. గాడి లోతు బ్లాకు గాడితో సమంగా రావాలి. కింది సగం ఒక్క థౌ పైకి ఉన్నా భారమంతా అదే మోస్తుంది, ఒక్క థౌ లోపలికి ఉంటే ఉత్తినే కూర్చుంటుంది. బిగించాక క్రాంక్ ముఖానికి బ్లూ, అంటే తగిలిన చోట మరక పడే నీలి రంగు, రాసి తిప్పి చూడండి. రెండు సగాల మీదా మరక సమంగా పడితే పని కుదిరినట్టు.

కూర్చేటప్పుడు ఆయిల్ గాడులున్న ముఖం క్రాంక్ వైపుకి, స్టీలు వీపు బ్లాకు వైపుకి. తిరగేసి పెట్టినవి నేను చూశాను. క్యాప్ బోల్టుల్ని మొదట కొద్దిగా బిగించి, క్రాంక్‌ని ముందుకీ వెనక్కీ గట్టిగా తోయండి. సగాలు రెండూ ఒక వరసలో సర్దుకుంటాయి. ఆ తర్వాతే టార్క్ రెంచ్. ఆఖరున మళ్లీ డయల్ గేజ్, ఆ అంకెని సర్వీసు పుస్తకంలో రాసుకోండి.

[దృశ్యం: బీచ్ రోడ్డు మీద హెరాల్డ్]

ఇక నడిపే తీరు. జగదాంబ సిగ్నల్ దగ్గర గేరులో క్లచ్ తొక్కి కూర్చుంటే ఆ నిమిషమంతా క్రాంక్ వెనక వాషర్‌ని నొక్కుతూనే ఉంటుంది. న్యూట్రల్‌కి తెచ్చి కాలు తీసేయండి. సింహాచలం కొండ మీద బండిని క్లచ్‌తో ఆపి నిలబెట్టొద్దు, హ్యాండ్ బ్రేకు వాడండి. పొద్దున్నే స్టార్ట్ చేసేటప్పుడు క్లచ్ తొక్కమని చాలామంది సలహా ఇస్తారు. కొత్త బండ్లకి సరే, కొన్ని అలా తొక్కితేనే స్టార్ట్ అవుతాయి. కానీ రాత్రంతా ఆగిన హెరాల్డ్‌లో ఆ క్షణానికి వాషర్ దగ్గర ఆయిల్ ఉండదు. న్యూట్రల్‌లో పెట్టి, పెడల్ ముట్టుకోకుండా తాళం తిప్పండి.