మెత్తని మనసు, మొండి కత్తి

అందరికీ నమస్కారం.

ఇంట్లో పెంచుకున్న కోడిని మాంసం కోసం కోయాల్సి వచ్చినప్పుడు ఎవరైనా ముందు అడిగేది, "ఎలా కోస్తే దానికి నొప్పి తక్కువ?" అని. మంచి ప్రశ్నే. కానీ పద్ధతుల కంటే ముందు కోసేవాళ్ల సంగతి మాట్లాడాలి. చేతులారా మేత వేసి పెంచిన కోడి కదా, కత్తి పట్టుకోగానే చెయ్యి వెనక్కి లాగుతుంది. గట్టిగా కోయడానికి మనసొప్పదు. సగం కోసి ఆగిపోతాం, మళ్లీ కోస్తాం. ఆ మధ్యలో గడిచిన కాలమంతా కోడి స్పృహలోనే ఉంటుంది. మన జాలికి మూల్యం అది చెల్లిస్తుందన్నమాట. అందుకే ఈ రోజు నేను చెప్పేదంతా ఆ వణుకు తగ్గించే ఏర్పాట్ల గురించే.

ఆ ఏర్పాట్లు ముందు రోజు రాత్రి మొదలవుతాయి. కోయడానికి ఎనిమిది నుంచి పన్నెండు గంటల ముందు మేత ఆపండి, నీళ్లు మాత్రం చివరిదాకా ఉంచండి. మెడ కింద ఉండే మేత సంచీ, పేగులూ ఖాళీ అయితే శుభ్రం చేసేటప్పుడు చిట్లి మాంసానికి మలం అంటుకునే ప్రమాదం తగ్గుతుంది. అంతకంటే ఎక్కువసేపు పస్తు పెట్టడం మాత్రం కోడికి శిక్షే.

పట్టుకోవడం కూడా రాత్రే నయం. మసక చీకట్లో కోడికి సరిగా కనపడదు, కదలకుండా కూర్చుంటుంది. రెండు చేతులతో రెక్కలను ఒంటికి ఆనించి, నిలువుగా ఎత్తండి. పగలు పెరడంతా తరిమి, కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీసుకుని తేవడం మనకు ఎంత అలవాటైన దృశ్యమో! కోడికి మనలా పొట్టనూ ఛాతీనీ వేరుచేసే కండరపు పొర ఉండదు. తలకిందులైతే లోపలి అవయవాల బరువు ఊపిరి మీద పడుతుంది, ఊపిరాడటం కష్టమవుతుంది. అలా పెనుగులాడిన కోడి రెక్కలు కమిలిపోతాయి, మాంసం గట్టిపడుతుంది. దయ సంగతి పట్టనివాళ్లకు కనీసం ఈ కారణమైనా సరిపోవాలి.

కోసే చోటు మిగతా కోళ్లకు కనపడకుండా ఉండాలి. కత్తీ, వేడినీళ్లూ, గిన్నెలూ అన్నీ సిద్ధమయ్యాకే కోడిని తీసుకురండి. కత్తిని ముందే నూరి పెట్టుకోండి. మొండి కత్తితో మొదలుపెట్టి మధ్యలో ఇంకో కత్తి కోసం వెతుక్కోవడం కంటే ఆ రోజుకు పని మానేయడం మేలు.

ఒక్క పరికరం కొనమంటే నేను గరాటు కొనమంటాను. రేకుదైనా, అడుగు కోసిన ప్లాస్టిక్ డబ్బా అయినా సరే. గోడకు బిగించి, కోడిని తల కిందికి వచ్చేలా అందులో దింపితే రెక్కలు ఒంటికి అదిమినట్టు ఉంటాయి, కొట్టుకోలేదు. ఇక్కడా తలకిందులే కదా అంటారు. నిజమే. అందుకే కోడిని గరాటులో పెట్టి కబుర్లు చెప్పుకోకూడదు; పెట్టిన వెంటనే పని జరిగిపోవాలి.

ఇక పద్ధతి. తల మీద బరువైన కడ్డీతో ఒకే ఒక్క గట్టి దెబ్బ వేసి స్పృహ తప్పించి, వెంటనే మెడ కోయడం ఒకటి. దెబ్బ సరిగ్గా పడితే కోత కోడికి తెలియదు. స్పృహ తప్పించకుండా నేరుగా కోసేవాళ్లకు కోతే సమస్తం. దవడకు కాస్త కిందగా ఈకలు పక్కకు తీసి, మెడకు రెండు వైపులా ఉండే పెద్ద రక్తనాళాలు రెండూ ఒకే ఊపులో తెగాలి. ఒక్క వైపే తెగితే మెదడుకు రక్తం అందుతూనే ఉంటుంది, స్పృహ పోవడం ఆలస్యమవుతుంది. బాగా కోసినా కొన్ని సెకన్లు పడుతుంది, ఆ మాట దాచి లాభం లేదు.

మెడ విరవడం మూడోది. పుర్రె మెడను కలిసే చోట ఎముక విడిపోవాలి. వేలితో తడిమితే అక్కడ ఖాళీ తెలియాలి. చిన్న కోడికి ఇది కుదురుతుంది, బాగా బలిసిన పుంజుకు చేతి బలం చాలదు. యూరోపియన్ యూనియన్ 2009లో తెచ్చిన నిబంధనలు చేత్తో మెడ విరవడాన్ని 3 కిలోల లోపు పక్షులకే అనుమతించాయి, అదీ ఒక మనిషి రోజుకు 70కి మించకుండా. ఇంటి పెరట్లో 70 అంటే నవ్వొస్తుంది గానీ, చెయ్యి అలసిపోతే పని చెడుతుందన్నది నాలుగో కోడికే తెలిసొస్తుంది.

కోశాక కోడి కొట్టుకుంటుంది. చాలామందికి అసలు టెన్షన్ ఇక్కడే. మెదడు అదుపు తప్పాక వెన్నుపాము నుంచి పుట్టే కదలికలవి, బాధకు గుర్తు కావు. అలాగని కదలికను బట్టి మాత్రమే చచ్చిందనో, బతికుందనో నిర్ణయించేయకూడదు. అమెరికాలో కొలరాడోలోని ఫ్రూటా అనే ఊళ్లో 1945లో ఒక రైతు మైక్ అనే పుంజు తల గొడ్డలితో నరికాడు. వేటు బాగా పైన పడింది. మెదడు అడుగు భాగం మెడతోనే మిగిలిపోయింది, రక్తం గడ్డకట్టి ధార ఆగింది. ఆ పుంజు గొంతులో ఆహారం చుక్కలు చుక్కలుగా పోస్తే మింగి ఏడాదిన్నర బతికింది! జనం టిక్కెట్టు కొని చూశారట. నాకు మాత్రం అది వింత కంటే హెచ్చరికగా కనిపిస్తుంది. తల తెగినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు, ఎక్కడ తెగిందన్నదే లెక్క.

అందుకని రక్తం కారడానికి రెండు నిమిషాలు వదలండి, తర్వాత పరీక్షించండి. ఊపిరి లయగా ఆడకూడదు. కంటిపాపను వేలితో తాకితే రెప్ప కదలకూడదు. మెడ పూర్తిగా వాలిపోవాలి. ఈ మూడూ చూడకుండా కోడిని వేడినీళ్లలో ముంచకండి. ఈ ప్రసంగంలో మిగతాదంతా మరచిపోయినా ఈ ఒక్కటి మరవకండి. ప్రాణం ఉండగా నీళ్లలో పడితే అంతకు ముందు పడ్డ శ్రద్ధంతా వృథా.

ఆ తర్వాతిది వంటింటి పనే. నీళ్లు 60 నుంచి 65 డిగ్రీల వేడిలో ఉంటే నిమిషం లోపే ఈకలు ఊడొస్తాయి. మరిగే నీళ్లు పోస్తే చర్మం చిరిగిపోతుంది. పిత్తం సంచీ చిట్లకుండా తీయండి. మాంసం త్వరగా చల్లబరచి, ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచితే బిగిసిన కండ వదులవుతుంది.

జబ్బు చేసిన కోడిని బాధ నుంచి తప్పించడానికి చంపొచ్చు, తినడానికి మాత్రం కోయకండి. మందు వాడిన కోడి అయితే, మందు ఆపాక మాంసం తినకుండా ఎన్నాళ్లు ఆగాలని సీసా మీద రాసి ఉంటుందో ఆ గడువు దాటేదాకా ఆగండి. ఉన్నట్టుండి కోళ్లు వరసగా చనిపోతుంటే మిగిలినవాటిని హడావుడిగా కోయడం కాదు, ముట్టుకోకుండా పశువైద్యుడికి కబురు పెట్టండి.

మొదటిసారి ఒంటరిగా చేయకండి. చెయ్యి తిరిగినవాళ్లు పక్కన ఉండాలి, ఆ రోజుకు ఒక్క కోడి చాలు. ఈ బల్ల మీద గరాటు ఉంది, నూరిన కత్తి ఉంది, ముందే కోసిన కోడి ఒకటి ఉంది. రెండు నాళాలు ఎక్కడుంటాయో, పుర్రె మెడను ఎక్కడ కలుస్తుందో వేలితో తడిమి చూడాలనుకునేవాళ్లు చేతులు కడుక్కుని ఒక్కొక్కరుగా రండి.