చూడ్డానికి ఒకటే, పనిలో వేరు: ఏ 106, ఏ 333 పైపుల రివ్యూ

నమస్తే అండి. జీడిమెట్ల నుంచి మాట్లాడుతున్నాను. టేబుల్ మీద రెండు పైపు ముక్కలు పెట్టాను, చూడండి. రెండూ 2 అంగుళాల సీమ్‌లెస్ (అతుకు లేనివి), షెడ్యూల్ 80, అంటే గోడ మందం తరగతి. వర్నియర్ పెడితే బయటి కొలత 60.3 మిల్లీమీటర్లు, గోడ మందం ఐదున్నర. రంగు ఒకటే, బరువు ఒకటే. ఒకటి ఏ 106, ఆవిరి లైన్‌కి తెచ్చింది. రెండోది ఏ 333, మైనస్ 40 డిగ్రీల సెల్సియస్‌లో నడిచే బ్రైన్ (చల్లబరచడానికి తిప్పే ఉప్పు ద్రావణం) లైన్‌కి తెచ్చింది. ఈ ఏ నంబర్లు ఏఎస్‌టీఎం అనే అమెరికన్ సంస్థ స్టీల్ ప్రమాణాలవి. మార్కింగ్ చెరిపేసి ఏది ఏదో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు.

ఈ వీడియో ఎందుకు చేస్తున్నానంటే, ఆ బ్రైన్ లైన్ కోసం మేము ఏ 333 గ్రేడ్ 6 ఆర్డర్ ఇచ్చాం. లోడ్ దిగాక చూస్తే పైపు మీద ఏ 106 గ్రేడ్ బి అని ఉంది. ఫోన్ చేస్తే సప్లయర్ అన్నాడు, "కెమిస్ట్రీ ఒకటే సార్, వాడేయండి" అని. ఆయన చెప్పిన మాట అబద్ధం కాదండి. అందుకే ప్రమాదం. రెండిట్లోనూ కార్బన్ 0.30 శాతం దాటకూడదు, సిలికాన్ కనీసం 0.10 ఉండాలి. కనీస టెన్సైల్ (తెగకుండా తట్టుకునే బలం) 415, కనీస యీల్డ్ (శాశ్వతంగా సాగిపోవడం మొదలయ్యే బలం) 240 మెగాపాస్కల్స్, అవీ అవే.

మరి తేడా ఎక్కడ? ఏ 333 పైపుని నార్మలైజింగ్ (బాగా వేడిచేసి గాలిలో చల్లార్చడం) లాంటి హీట్ ట్రీట్‌మెంట్ చేసి లోపలి గ్రెయిన్, అంటే లోహపు రేణువులు, సన్నగా ఉండేలా చూస్తారు. తర్వాత ముక్క కోసి, గాటు పెట్టి, మైనస్ 45 డిగ్రీలకు చల్లబరిచి సుత్తితో కొడతారు. అదే చార్పీ టెస్ట్. పూర్తి సైజు ముక్కలు మూడు కొడితే సగటున 18 జౌల్స్ దెబ్బ శక్తిని తట్టుకోవాలి. మన 2 అంగుళాల పైపు గోడ పలచన కాబట్టి చిన్న ముక్క తీస్తారు, అంకె కూడా ఆ మేరకు తగ్గుతుంది. ఏ 106కి ఈ టెస్ట్ తప్పనిసరి కాదు. అది చలిలో ఆగుతుందో లేదో ఎవరూ కొట్టి చూడలేదన్నమాట.

పల్లీపట్టీ పాకం చూశారు కదా. వేడిగా ఉన్నప్పుడు సాగుతుంది, చల్లారాక పెళ్లున విరుగుతుంది. మామూలు స్టీల్ కూడా చలిలో అలాగే పెళుసవుతుంది. వేడి లైన్ పాడయ్యేటప్పుడు చాలాసార్లు కాస్త ఉబ్బడమో, చెమ్మ కారడమో కనిపిస్తుంది. చలిలో అలా కాదు. వెల్డింగ్‌లో చిన్న పగులు ఉంటే చాలు, ఏ హెచ్చరికా లేకుండా అక్కడి నుంచి చీలుకుంటూ పోతుంది. చుట్టూ మన మనుషులు పనిచేస్తుంటారు. నాకు టెన్షన్ అంతా అక్కడే. ఆ లోడ్ వెనక్కి పంపేశాం. పని మూడు వారాలు ఆగింది, ఆగనివ్వండి.

అలాగని అన్నిటికీ ఏ 333 కొనమని చెప్పను. ప్రాసెస్ పైపింగ్ కోడ్ బి31.3 ప్రకారం, అర అంగుళం లోపు మందమున్న ఏ 106 గ్రేడ్ బిని మైనస్ 29 దాకా చార్పీ లేకుండా వాడొచ్చు. మైనస్ 15 బ్రైన్‌కి అది చాలు, డబ్బు వృథా చేసుకోకండి. కానీ నడిచే టెంపరేచర్ ఒక్కటే చూస్తే మోసపోతాం. అమ్మోనియా సంగతే తీసుకోండి. మామూలు రోజుల్లో లైన్ మైనస్ 10లో ఉండొచ్చు. లీక్ అయ్యో, వెంట్ చేసో ప్రెజర్ పడిపోతే ద్రవం మైనస్ 33 దగ్గర మరుగుతుంది. ఆ కాసేపట్లో మైనస్ 29 గీత దాటేస్తాం. ప్రొపేన్ అయితే మైనస్ 42. డిజైన్ చేసే ఇంజనీర్‌ని కనిష్ఠ టెంపరేచర్ ఎంతని తప్పకుండా అడగండి.

వేడి వైపు నా ఓటు ఏ 106కే. పది కిలోల ప్రెజర్ (చదరపు సెంటీమీటరుకి) ఆవిరి అంటే 180 పైచిలుకు డిగ్రీలు, థర్మిక్ ఫ్లూయిడ్ (వేడిని మోసే నూనె) అయితే 250, 300. ఇవి దానికి లెక్కలోవి కావు. 425 దాటి ఏళ్ల తరబడి నడిస్తే మాత్రం స్టీల్‌లోని కార్బన్ గ్రాఫైట్‌గా మారి బలం తగ్గుతుంది. అక్కడ ఏ 335 పి11 లాంటి అలాయ్ పైపుకి వెళ్లాలి. ఆవిరి ప్రెజర్ 3.5 కిలోలు దాటితే ఐబీఆర్ (ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్) పేపర్, అంటే ఫారం 3-ఏ, లేకుండా పైపు దింపుకోకండి.

చల్లని లైన్‌లో పైపు ఒక్కటే సరిగ్గా ఉంటే సరిపోదు. ఎల్బోలు (మలుపు ముక్కలు) ఏ 420 డబ్ల్యూపీఎల్6, ఫ్లాంజ్‌లు (బోల్టులతో బిగించే చక్రాలు) ఏ 350 ఎల్ఎఫ్2 ఉండాలి. సికింద్రాబాద్ రాణిగంజ్ మార్కెట్‌లో అడగగానే చేతికిచ్చేవి ఎక్కువగా డబ్ల్యూపీబీ, ఏ 105. అవి ఆవిరి లైన్ సరుకు. వెల్డింగ్ రాడ్ కూడా అంతే. మామూలు 7018 మైనస్ 30 దగ్గర టెస్ట్ అయినది, 7018-1 మైనస్ 45 దగ్గర టెస్ట్ అయినది.

కొనేటప్పుడు మిల్ టెస్ట్ సర్టిఫికెట్‌లో (పైపు చేసిన మిల్లు ఇచ్చే పరీక్షల కాగితం) ముందు చార్పీ టెంపరేచర్, జౌల్స్ వెతకండి. తర్వాత అందులోని హీట్ నంబర్ (ఒక విడత కరిగించిన స్టీల్‌కి ఇచ్చే నంబర్), పైపు మీద ఉన్న నంబర్ ఒకటేనా చూడండి. లోహంలో ఏ మూలకాలున్నాయో చూపే, చేతిలో పట్టుకునే పీఎంఐ గన్ ఇక్కడ మిమ్మల్ని కాపాడదు, కెమిస్ట్రీ ఒకటే కదా.

ఇంకొకటి, ఇది మా స్టోర్స్‌లో ఇప్పుడు రూల్. ఆరు మీటర్ల పైపుని కోస్తే నంబర్ ఒక ముక్క మీదే మిగులుతుంది, రెండోది అనాథ అవుతుంది. అందుకే కట్టర్ ఆన్ చేయకముందే హీట్ నంబర్‌ని రెండో చివర కూడా పెయింట్‌తో రాసి, పక్కన ఒకరు సంతకం పెట్టాలి. సంతకం లేని ముక్క చల్లని లైన్‌కి వెళ్లదు.